స్వర సందేహాలు: ఈ నెల ఫానీ హెన్సెల్

గత సంచికలో పియానో పాఠాల గురించి రాస్తూ, జర్మన్ స్వరకర్త ఫానీ హెన్సెల్ (1805–1847) పన్నెండు నెలల మీద రాసిన ‘సంవత్సరం’ అనే పియానో మాలికని ఒక్క వాక్యంలో ప్రస్తావించి ముందుకు వెళ్లిపోయాం. పాఠకులు మమ్మల్ని వెళ్లనివ్వలేదు. రాజమండ్రి నుంచి మొగల్తూరు దాకా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక అంతా ఆవిడకే. పియానో, వయొలిన్ రెండూ బోధించేవాళ్లు కలిసి రాసిన జవాబులివి.

ఫానీ పాటల్ని తమ్ముడు ఫెలిక్స్ మెండెల్సన్ తన పేరుతో అచ్చు వేసుకున్నాడని చదివాను. అది దొంగతనం కాదా? ఆవిడ ఎందుకు ఊరుకున్నట్టు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

మాస్టారూ, అచ్చయిన మాట నిజం. 1827లో ఫెలిక్స్ ఎనిమిదో సంపుటి (ఓపస్)లో మూడు, 1830లో తొమ్మిదో సంపుటిలో మరో మూడు పాటలు ఫానీవి. కానీ ఇది అక్కకి తెలియకుండా జరిగిన పని కాదు. ఇంట్లో అందరికీ తెలుసు, స్నేహితులకీ తెలుసు. 1842లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో విక్టోరియా రాణి ఆ ఎనిమిదో సంపుటి తెరిచి తనకి నచ్చిన ‘ఇటాలియెన్’ అనే పాట పాడింది. ఇది మా అక్కయ్య రాసిందని ఫెలిక్స్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. కాబట్టి దొంగతనం అనే మాట అతకదు. అలాగని తప్పు లేదనీ మేం అనం.

అసలు అడ్డం తండ్రి దగ్గర మొదలైంది. 1820లో, ఫానీకి పద్నాలుగేళ్లప్పుడు, అబ్రహాం మెండెల్సన్ కూతురికి ఉత్తరం రాస్తూ, సంగీతం ఫెలిక్స్‌కి వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారంగానే ఉండాలి అన్నాడు. అంతకు రెండేళ్ల ముందే ఆ పిల్ల జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఇరవై నాలుగు ప్రెల్యూడ్లు (చిన్న వాద్య రచనలు) చూడకుండా తండ్రికి వాయించి వినిపించింది. తండ్రి పోయాక ఆ ‘వద్దు’ తమ్ముడికి సంక్రమించింది. 1837లో తల్లి లేయా, ఫానీ రచనలు అచ్చు వేయించమని నువ్వే చెప్పు అని కొడుకుని అడిగితే, అచ్చుకి దిగినవాళ్లు వరసగా రాస్తూనే ఉండాలి, అక్కకి ఇల్లూ సంసారమే ముందు, నేను ప్రోత్సహించలేను అని జవాబిచ్చాడు. అక్క ప్రతిభ మీద అతనికి ఏనాడూ అనుమానం లేదు. తన రచనలు ఆమెకి చూపించి, ఆమె మాట విని దిద్దుకునేవాడు కూడా. అందుకే ఆ జవాబు ఇంకా గుచ్చుకుంటుంది.

ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. 1846లో బెర్లిన్‌లోని రెండు ప్రచురణ సంస్థలు, బోటే–బాక్, ష్లెసింగర్, పోటీపడి అడిగాయి. భర్త విల్హెల్మ్ హెన్సెల్ చిత్రకారుడు. అచ్చు వేయించమని పెళ్లయిన దగ్గరనుంచీ చెబుతున్నవాడు ఆయనే. నలభై ఏళ్ల వయసులో ఆవిడ తమ్ముడికి ఉత్తరం రాసి, అనుమతి అడగకుండా, ‘అచ్చు వేస్తున్నాను’ అని తెలియజేసింది. నెల దాటాక ఫెలిక్స్ దీవెనలు పంపాడు. ఒకటి నుంచి ఏడు దాకా సంపుటాలు ఆవిడ పేరుతో బయటికి వచ్చాయి. మరుసటి ఏడు మే 14న, ఆదివారం కచేరీ కోసం ఫెలిక్స్ రచననే సాధన చేయిస్తుండగా, పియానో దగ్గర చేతులు పట్టుతప్పాయి. మెదడులో రక్తస్రావం. ఆ రాత్రే పోయింది. అంతకు ముందు రోజు కూడా ఒక పాట రాసింది. ఫెలిక్స్ అదే సంవత్సరం నవంబరు 4న పోయాడు.

మొత్తం రచనలు 450 పైనే. అచ్చు కానిది ఎంత మిగిలిపోయిందో చూసుకోండి. ‘పాపం ఫానీ’ అంటూ ఆగిపోయే వ్యాసాలే తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఎక్కువ. జాలి పడినంత మాత్రాన ఒక్క స్వరం కూడా వినపడదు. కింద ఇచ్చిన వాటిలో ఒకటైనా వాయించి చూడండి.

ఆమె యూదు మహిళ అని ఒకచోట, క్రైస్తవురాలని ఇంకోచోట ఉంది. ఏది నిజం? మా చర్చిలో పాడుకోదగ్గ రాగాలేమైనా ఆమె రచనల్లో ఉన్నాయా?
— డిగ్రీ విద్యార్థిని, రాజమండ్రి

రెండూ నిజమేనమ్మా. తాత మోజెస్ మెండెల్సన్ పద్దెనిమిదో శతాబ్దపు యూదు తత్వవేత్తల్లో అగ్రగణ్యుడు. అమ్మ వైపు వాళ్లు బెర్లిన్ యూదు సంపన్నులు, బాఖ్ సంగీతాన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్లు. చిన్నమ్మమ్మ వరసైన సారా లెవీ, బాఖ్ పెద్దకొడుకు దగ్గర హార్ప్‌సికార్డ్ నేర్చుకుంది. బాఖ్ ‘మత్తయి పాషన్’ (యేసు శ్రమల గాథ) ప్రతిని ఫెలిక్స్‌కి రాయించి ఇచ్చింది అమ్మమ్మ బెల్లా సలోమన్. 1829లో ఫెలిక్స్ దాన్ని మళ్లీ వేదికెక్కించినప్పుడు ఫానీ కోరస్‌లో పాడింది. ఒక యూదు కుటుంబం కాపాడి పెట్టకపోతే, ఆ క్రైస్తవ మహాకృతి మళ్లీ వినపడటానికి ఇంకెన్నాళ్లు పట్టేదో!

1816లో పిల్లలకి ప్రొటెస్టెంట్ బాప్తిస్మం ఇప్పించారు. తల్లిదండ్రులు 1822లో తీసుకున్నారు. ఇంటిపేరుకి ‘బార్తోల్డీ’ చేరింది అందుకే. యూదులకి ఉద్యోగాలూ హక్కులూ అరకొరగా ఉన్న కాలం అది. బాప్తిస్మం తీసుకున్నా పుట్టుక ఎవరూ మరిచిపోలేదు. నాజీలు మెండెల్సన్ సంగీతాన్ని నిషేధించారు. లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ విగ్రహాన్ని 1936లో తీసేశారు. అప్పటికి మూడు తరాల కిందటి బాప్తిస్మం వాళ్ల లెక్కలోకి రాలేదు.

చర్చి రాగాలకి వద్దాం. 1841లో రాసిన ‘సంవత్సరం’ మాలికలో మూడు లూథరన్ కోరల్స్ (చర్చిలో అందరూ కలిసి పాడే గీతాలు) ఉన్నాయి. మార్చిలో ఈస్టర్ గీతం, డిసెంబరులో లూథర్ రాసిన క్రిస్మస్ గీతం, పన్నెండు నెలలూ అయ్యాక వచ్చే ముగింపు ముక్కలో పాత సంవత్సరం గడిచిపోయిందనే గీతం. డిసెంబరుది మీకు చప్పున పట్టుబడుతుంది. శంకరాభరణం స్వరాల్లో తారషడ్జం నుంచి కిందికి దిగి, మళ్లీ పైకెక్కుతుంది: సా నీ దా నీ, పా దా నీ సా. గోదావరి జిల్లాల్లో లూథరన్ చర్చిలు తక్కువేం కాదు కాబట్టి, మీ చర్చిలో ఆర్గాన్ వాయించే పెద్దవాళ్ల ముందు ఈ ఎనిమిది స్వరాలూ వాయించి చూడండి, మిగతాది వాళ్లే అందుకోవచ్చు. ఫానీ డిసెంబరులో ముందంతా మంచు సుడిగాలిలా సెమీక్వేవర్లనే వేగస్వరాలు పరుగెత్తి, ఆ తర్వాతే ఈ గీతం నెమ్మదిగా వస్తుంది. చర్చిలో వాడుకోవాలంటే ఆ చివరి భాగం ఒక్కటీ చాలు.

మా అమ్మాయి పియానోలో ట్రినిటీ (లండన్ సంగీత పరీక్షల సంస్థ) ఐదో గ్రేడు పూర్తి చేసింది. ఇంట్లో 61 కీల కీబోర్డు ఉంది. ‘సంవత్సరం’ మాలికలో ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు కర్ణాటక సంగీతం వచ్చు, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) రాదు. ఇంట్లో సాయం చేయగలనా?
— ఒక తల్లి, కాకినాడ

‘సెప్టెంబరు’తో మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది. దాని పేరు ‘నది ఒడ్డున’. మన ప్రాంతంలో ఆ పేరు చూసి ఆగేవాళ్లెవరు? కానీ అది ఏడో గ్రేడు దాటిన చేతుల పని. ముందు ఆరు నెలలు ఆవిడ మాటల్లేని పియానో పాటల్లో నెమ్మదైనవి ఎంచుకుని వాయించనివ్వండి. అవి రెండో, నాలుగో, ఐదో, ఆరో, ఎనిమిదో సంపుటాల్లో ఉన్నాయి. ‘సెప్టెంబరు’నే కొద్దిగా మార్చి రెండో సంపుటిలో రెండో పాటగా ఆవిడే అచ్చు వేయించింది. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకుంటే, అచ్చుకి ఇచ్చేటప్పుడు ఏం మార్చిందో పిల్లకీ అర్థమవుతుంది.

కీబోర్డు సంగతి. 61 కీల వాయిద్యం అడుగున ‘సి’ దగ్గర ఆగిపోతుంది. ‘సెప్టెంబరు’ బి మైనరులో ఉంది. దానికి ఆధారషడ్జమైన మంద్రపు ‘బి’, మీ కీబోర్డులో ఆఖరి కీకి సరిగ్గా ఒక్క మెట్టు కింద ఉంటుంది. ఆక్టేవ్ బటన్ నొక్కి కిందికి దించితే పైస్థాయి పోతుంది. పైగా ఆ కీలకి బరువుండదు. ఈ రచనలో ఒకే చేతి వేళ్లలో ఒకటి గట్టిగా, మిగిలినవి మెత్తగా పడాలి. బరువులేని కీల మీద ఆ తేడా నేర్చుకోవడం కుదరదు. 88 బరువు కీల డిజిటల్ పియానో, దానికి సగం నొక్కుని కూడా గుర్తించే సస్టెయిన్ (స్వరాన్ని నిలిపే) పెడల్, వెనక్కి జారకుండా పెడల్ కింద రబ్బరు మ్యాట్ అమర్చుకోండి. మడత స్టాండు మీద పెడితే గట్టిగా వాయించినప్పుడు ఊగుతుంది, నాలుగు కాళ్ల బల్ల మేలు.

ఇక రచన. మూడు పొరలుంటాయి. పైన కుడిచేతి వేళ్లలో ఆగకుండా పారే సెమీక్వేవర్లు, అడుగున ఎడమచేతి మంద్రస్వరాలు, మధ్యలో అసలు పాట. ఆ పాట రెండు చేతుల బొటనవేళ్ల చుట్టుపక్కల నడుస్తుంది. పిల్లలందరూ చేసే తప్పు ఒకటే. పై పరుగు అందంగా ఉందని దాన్నే వాయిస్తారు, పాట మునిగిపోతుంది.

సాధన ఇలా చేయించండి. మొదటి వారం పియానో మీద నడిమి పాట ఒక్కటే, పెడల్ లేకుండా. మీరు పక్కన కూర్చుని దాన్ని స్వరాలుగా పాడండి. బి అంటే మనకి ఏడు శ్రుతి. మైనరు స్వరాలు నటభైరవిలో ఉన్నట్టే ఉంటాయి, చరణాంతాల్లో మాత్రం కాకలి నిషాదం వచ్చి కీరవాణిలా వినిపిస్తుంది. గమకం పెట్టకండి. స్వరం నిలకడగా ఉంటేనే కింద కార్డ్స్ (కలిసి మోగే స్వరాలు) దానికి పొసుగుతాయి. రెండో వారం నడిమి పాట, అడుగు స్వరాలు కలిపి. ఇప్పుడే శ్రుతి ఎటు మారుతోందో వినపడుతుంది. మూడో వారం పై పరుగు ఒక్కటే, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 50 దగ్గర, క్రోచెట్‌కి (ఒక్కో దెబ్బకి) నాలుగు స్వరాల చొప్పున, వీలైనంత మెత్తగా. మూడూ కలపడం నాలుగో వారంలోనే. అప్పుడు కూడా వేగం 50 దాటనివ్వకండి. వారానికి నాలుగు అంకెలు మించి పెంచకండి.

పెడల్ అడుగు స్వరం మారినప్పుడల్లా మారాలి. స్వరం పడిన వెంటనే వదిలి మళ్లీ తొక్కాలి, ముందే తొక్కితే పాత కార్డ్ కొత్తదానిలో కలిసి బురదవుతుంది. మీరు నొటేషన్ చదవనక్కర్లేదు, ఆ బురద చెవికి తెలుస్తుంది. అదే మీరు చేయగల పెద్ద సాయం. మణికట్టు బిగిసి నొప్పి వస్తోందని పిల్ల అంటే ఆ రోజుకి ఆపేయండి. వేగం ముందు పెంచినందువల్ల వచ్చే నొప్పి అది, ఓర్చుకుంటే పోదు.

రాతప్రతి గురించి ఒక ముక్క. ‘సంవత్సరం’ శుద్ధప్రతిలో ఒక్కో నెలకి ఒక్కో రంగు కాగితం వాడారు. మొదట్లో విల్హెల్మ్ గీసిన చిన్న బొమ్మ, ఒక కవితాపంక్తి ఉంటాయి. సెప్టెంబరుకి నదిని పారమని చెప్పి, తన సంతోషం మాత్రం పోయిందని విచారించే గొథే పంక్తులు ఎంచుకుంది. వేగంగా, ఉల్లాసంగా వాయించే రికార్డింగులు చాలానే ఉన్నాయి. ఈ పంక్తులు చూశాక అవి మాకు నచ్చలేదు. 1841లో రాసిన ఈ మాలిక మొత్తంగా అచ్చవడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది.

మా పాత బంగళాలో నిలువు పియానో ఉంది. ఫానీ రచనలు నేర్చుకుందామని బాగు చేయిస్తున్నాం. వానాకాలంలో కీలు నొక్కితే పైకి లేవవు, శ్రుతి చెడుతుంది. ఏం చేయాలి?
— రొయ్యల రైతు, మొగల్తూరు

సముద్రం పక్కన, చుట్టూ చెరువులు. పియానోకి ఇంతకన్నా కష్టమైన చోటు ఉండదండీ. ముందు కారణం తెలుసుకోండి. తీగల వెనక ఉండే సౌండ్‌బోర్డు పల్చటి చెక్క. తేమ పీల్చి ఉబ్బి, ముందుకి పొంగి, తీగలు ఆనే వంతెనని (బ్రిడ్జిని) వాటి మీదికి నెడుతుంది. తీగలు బిగిసి శ్రుతి పెరుగుతుంది. మధ్యస్థాయిలో ఇది ఎక్కువ, చివర్లలో తక్కువ. అందుకే వాయిద్యం మొత్తం ఒకేలా పెరగకుండా తనలో తనకే పొసగకుండా పోతుంది. వడగాడ్పుల్లో చెక్క ఎండి శ్రుతి దిగుతుంది. కాబట్టి వానల మొదట్లో శ్రుతి చేయించి డబ్బు పారేసుకోకండి. తేమ స్థిరపడ్డాక, ఆగస్టు చివర్లో ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి చేయించండి.

గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టండి. 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. మీ దగ్గర అది కష్టం, కానీ 65కి దించి అక్కడే నిలబెట్టగలిగినా చాలు. పొద్దున 85, రాత్రి ఏసీ వేసి 50 అయితే నిలకడగా ఉన్న 70 కన్నా ఎక్కువ చేటు. బయటి గోడకి ఆనించకండి, అరడుగు జాగా వదలండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. పియానో లోపల అమర్చే సన్నటి హీటర్ కడ్డీ దొరుకుతుంది, మెకానిక్ చేతే పెట్టించండి. కొందరు మామూలు బల్బు వేలాడదీస్తారు. ఫెల్టుకి (లోపలి ఒత్తు ఉన్నికి) తగిలితే కాలుతుంది, వద్దు.

కీలు లేవకపోవడానికి కారణం కీ కింద పిన్ను చుట్టూ ఉండే ఫెల్టు ఉబ్బడం. నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ కొట్టకండి. ఫెల్టు నూనె పీల్చి దుమ్ము పట్టి శాశ్వతంగా బిగుస్తుంది. దాన్ని వదులు చేసే ప్రత్యేకమైన పటకారు ట్యూనర్ దగ్గర ఉంటుంది, కీకి అర నిమిషం పని.

బాగు చేయించే ముందు రెండు చూడండి. ఒకటి, చెద. అడుగు పలకనీ వెనక నిలువు దూలాల్నీ స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. బోలు శబ్దం వస్తే ఖర్చు పెట్టకండి. రెండు, తీగలు చుట్టే పిన్నులు. శ్రుతి చేసిన మర్నాడే దిగిపోతుంటే పిన్నులు పట్టిన చెక్క చీలిందని అర్థం, అది పెద్ద రిపేరు. ఈ రెండూ బాగుంటే, పాత వాయిద్యం అరశ్రుతి దిగి ఉన్నా కంగారు పడక్కర్లేదు. కాకపోతే ఒక్కసారిగా ప్రామాణిక శ్రుతి 440కి లాగించకండి. రెండు వందల పైచిలుకు తీగలు, వాటి మొత్తం లాగుడు టన్నుల్లో ఉంటుంది. తుప్పు పట్టిన తీగలు పటపటా తెగుతాయి. కొన్ని వారాల ఎడంతో రెండు మూడు విడతల్లో పైకి తేవాలి. చిమ్మెటలు హేమర్ల (తీగల్ని కొట్టే సుత్తుల) ఫెల్టు తినకుండా నాఫ్తలీన్ ఉండలు గుడ్డసంచిలో కట్టి కింద పలక మీద పెట్టండి, తీగలకి తగలకూడదు.

ఫానీ కాలపు పియానోల కీలు ఇప్పటివాటికన్నా తేలిక, లోతు తక్కువ. ఆవిడ ‘చాలా గట్టిగా’ అని రాసినచోట మీ పియానోని బాదనక్కర్లేదు.

నేను కర్ణాటక వయొలిన్ విద్వాంసుణ్ణి. మిత్రుడు పియానో వాయిస్తాడు. ఫానీ పదకొండో సంపుటం, డి మైనర్ పియానో ట్రియో ప్రయత్నించవచ్చా? సెల్లో వాయించేవాళ్లు మా చుట్టుపక్కల లేరు.
— అమలాపురం

పియానో, వయొలిన్, సెల్లో కలిసి వాయించే ఈ ట్రియో ఆవిడ రాసిన గొప్ప రచనల్లో ఒకటి. చెల్లెలు రెబెక్కా పుట్టినరోజుకని రాసి, 1847 ఏప్రిల్ 11న వాయించారు. తర్వాత నెల దాటిందో లేదో ఆవిడ పోయింది. అచ్చయింది 1850లో.

మీ వయొలిన్‌ని శ్రుతి మార్చి వాడకండి. స–ప–స–ప కట్టి, ఒకటిన్నర, రెండు శ్రుతులకి దించి వాడే తీగలు పాశ్చాత్య శ్రుతికన్నా బాగా వదులు. పై తీగని ‘ఇ’ దాకా లాగితే తెగుతుంది. తెగకపోతే బ్రిడ్జి ముందుకి వాలుతుంది, వెనక సౌండ్‌పోస్టు కదులుతుంది. రెండో వయొలిన్ కొని జి–డి–ఎ–ఇ కి కొత్త తీగలు కట్టుకోండి. కింద కూర్చుని పాదం మీద ఆనించే పద్ధతిలో పొజిషన్లు మారుతూ జారడం తేలిక. ఈ రచనకి మాత్రం గడ్డం కింద బిగించి కుర్చీలో కూర్చోవాలి. రెండు మూడు నెలలు మెడ ఒప్పుకోదు.

సెల్లో భాగాన్ని వయోలా మీద మొత్తం వాయించలేరు. వయోలా అట్టడుగు తీగ సెల్లో తీగకి పూర్తి స్థాయి పైన ఉంటుంది. అయినా మొదలుపెట్టడానికి ఒక దారుంది. మొదటి భాగంలో వయొలిన్, సెల్లో ఎక్కువసేపు ఒకే పాటని స్థాయి తేడాతో కలిసి పాడతాయి, కింద పియానో సెమీక్వేవర్లతో దుమారం రేపుతుంది. ఆ పాటని మీరొక్కరే మీ భాగంగా నేర్చుకోవచ్చు. అసలు పరీక్ష మీ మిత్రుడికి. ఆ పరుగు శుభ్రంగా రాకపోతే మీరెంత బాగా వాయించినా లాభం లేదు. మూడో భాగం పేరే ‘పాట’, చిన్నది, మరీ వేగం లేదు. ముందు అది పట్టుకోండి. నాలుగో భాగం పియానో ఒంటరి ఆలాపనతో మొదలవుతుంది, మన విద్వాంసులకి ఆ కాసేపు బాగా నచ్చుతుంది. సెల్లో మనిషి దొరికేదాకా కచేరీ పెట్టకండి. సగం ట్రియో వినిపించి ఆవిడకి చెడ్డపేరు తేవడం ఎందుకు?

‘ఈస్టర్ సొనాటా’ ఎవరిదో ఎలా తేల్చారు?
— పాలకొల్లు

ఈ పియానో రచనని ఫానీ 1828లో రాసింది. 1829 నాటి డైరీలో ‘నా ఈస్టర్ సొనాటా’ అని ఆవిడే రాసుకుంది. తర్వాత ప్రతి కనపడలేదు. 1970లో పారిస్‌లో ఒక రాతప్రతి దొరికింది, పైన ‘ఎఫ్. మెండెల్సన్’ అని ఉంది. ఎఫ్ అంటే ఫెలిక్స్ అనుకుని అతని పేరుతోనే రికార్డు చేశారు. 2010లో అమెరికన్ పరిశోధకురాలు ఏంజెలా మేస్ ఆ ప్రతిని చూసింది. చేతిరాత ఫానీది. అంతకన్నా గట్టి సాక్ష్యం పుటల అంకెలు. ఫానీ రచనల పుస్తకం ఒకదానిలో కొన్ని పుటలు లేవు, ఆ లేని అంకెలు సరిగ్గా ఈ ప్రతి మీద ఉన్నాయి. 2017 మార్చి 8న లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సోఫియా గుల్యాక్ దీన్ని ఫానీ పేరుతో వాయించింది. నాలుగు భాగాలు, ఎ మేజరు. చివరి భాగం భూమి కంపించినట్టు మొదలై, ‘దేవుని గొర్రెపిల్ల’ కోరల్‌తో అణుగుతుంది.

నేను ఇంట్లో సంగీతం క్లాసు నడుపుతున్నాను. ఫానీ ఆదివారం కచేరీల్లాంటివి నెలకోసారి పెట్టాలని ఉంది. ఆవిడ ఎలా నడిపేది? ఇక్కడ ఏమేం చూసుకోవాలి?
— గృహిణి, రావులపాలెం

బెర్లిన్ లైప్‌జిగర్ వీధి 3వ నంబరు ఇల్లు, తోటవైపు హాలు. ఇప్పుడు ఆ స్థలంలో జర్మనీ ఎగువసభ ఉంది. అమ్మానాన్నలు మొదలుపెట్టి ఆపేసిన కచేరీల్ని 1831లో ఫానీ తిరిగి నిలబెట్టింది. పొద్దున పదకొండు నుంచి రెండు దాకా. టిక్కెట్లు లేవు, పిలుపుల మీదే రాక. శ్రోతలు వంద నుంచి రెండు వందల దాకా వచ్చేవాళ్లు. సొంతంగా ఒక చిన్న కోరస్‌ని తయారుచేసి శుక్రవారాలు సాధన చేయించేది. 1834లో ఒక నాటకశాల వాద్యబృందాన్ని పిలిపించి, తాను రాసిన ఓవర్చర్‌ని (ప్రారంభ వాద్య రచనని) తానే కండక్ట్ చేసింది. బాఖ్, గ్లుక్, బీథోవెన్, తమ్ముడి రచనలు, మధ్యలో తనవి. పియానో విద్వాంసుడు లిస్ట్ లాంటివాళ్లు వచ్చి విన్నారు. బయట వేదికెక్కడం ఆడవాళ్లకి కూడదన్న ఇంట్లోనే నగరంలో మంచి కచేరీ శాల ఒకటి నడిపింది. ఇది సర్దుబాటా, ఎదురుతిరగడమా అని మమ్మల్ని అడిగితే, ఆ సాధనల జాబితా చూశాక రెండోదే అంటాం.

మీరు పదకొండింటికి పెట్టకండి, ఉక్కకి జనం విసనకర్రలే చూసుకుంటారు. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర. ముహూర్తాల నెలల్లో తేదీ వేసేముందు వీధి చివర ఫంక్షన్ హాలు వాళ్లని కనుక్కోండి, డీజే పక్కన సెప్టెంబరు వినపడదు. గ్రానైట్ నేల, ఒట్టి గోడలు ఉన్న హాలు ధ్వనిని గిరగిరా తిప్పుతుంది. నేల మీద జంపఖానాలు, పియానోకి ఎదురు గోడకి మందపాటి తెర వేయండి. ముప్పై మందికి మైకు వద్దు. ఫ్యాన్లు మూడో నంబరు దాటనివ్వకండి, డిజిటల్ పియానోకి విడిగా ఇన్వర్టర్ లైను ఇవ్వండి. ఒక్కో కార్యక్రమానికి నలభై నిమిషాల సంగీతం చాలు. అందులో పిల్లలది పదిహేను నిమిషాలు. వాళ్లని ముందే వాయించనివ్వండి, లేకపోతే వాళ్ల అమ్మానాన్నలు చివరిదాకా వినరు.

త్యాగరాజస్వామి, ఫానీ ఒకే సంవత్సరం పోయారటగా? ఏమైనా సంబంధం ఉందా?
— ధవళేశ్వరం

స్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న, ఫానీ మే 14న. మీ ఊళ్లో కాటన్ ఆనకట్ట పనులు మొదలైందీ ఆ ఏడే. సంబంధం ఏమీ లేదు, తేదీ గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

నొటేషన్లు ఎక్కడ దొరుకుతాయి? కొనాలా?
— భీమవరం, తుని, ఏలూరు నుంచి పలువురు

1847లో, 1850లో అచ్చయిన పాత ప్రతుల మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత నొటేషన్ భాండాగారంలో సంపుటి నంబరుతో వెతకండి. ‘హెన్సెల్’ అని ఒకసారి, ‘మెండెల్సన్’ అని ఒకసారి వెతకాలి, రెండు పేర్లతోనూ పెట్టి ఉంటాయి. ‘సంవత్సరం’ పూర్తి మాలిక, ఈస్టర్ సొనాటా ఆధునిక సంపాదకులు తయారుచేసినవి, వాటికి హక్కులున్నాయి, కొనాలి. జర్మనీలో ఫురోరే అనే సంస్థ స్త్రీ స్వరకర్తల రచనలే వేస్తుంది, మాలికని మొదట వేసింది వాళ్లే.

జిరాక్స్ తీయించేటప్పుడు ఎ4కి కుదించకండి, పాత అచ్చులో వేలి అంకెలు చెరిగిపోతాయి. ఎ3 మీద తీయించి మధ్యకి మడవండి. పుట తిప్పే చోట చేయి ఖాళీ లేకపోతే తర్వాతి రెండు వరుసలు కత్తిరించి ముందు పుట అడుగున అంటించండి.

పాటలు వినాలనుకునేవాళ్లు మొదటి సంపుటితో మొదలుపెట్టండి. ఆరు పాటలు, అన్నీ కలిపి పావుగంటలో అయిపోతాయి. మొదటిదీ మూడోదీ హైనే కవితలు. మూడోదానిలో గులాబీలు ఎందుకిలా వెలవెలబోయాయని అడుగుతుంది. ప్రశ్నతోనే ఆగుతుంది కాబట్టి పియానో ఎలా ముగిస్తుందో గమనించండి. పాడేవాళ్లకి జర్మన్ ఉచ్చారణ రాకపోతే తెలుగు లిపిలో రాసుకుని పాడొచ్చు. కానీ మాట చివర హల్లు దగ్గర మనకి అలవాటైన అచ్చు చేర్చకండి. ‘రోజెన్’ని ‘రోజెను’ అంటే ఒక స్వరం ఎక్కువై, తాళం తప్పుతుంది.